చీజ్‌కేకు మీద సాలెగూడు

2025 అక్టోబరు 31న మా వంటగదిలో జరిగిన ఒక చిన్న వ్యవహారం గురించి రాయాలని అప్పటినుండీ అనుకుంటూనే ఉన్నాను. బద్ధకం కొంత, రాస్తే ఇరుపక్షాల చేతా అక్షింతలు తప్పవన్న భయం కొంత, వాయిదా పడుతూ వచ్చింది. విషయం హాలోవీను. తిరుపతిలో హాలోవీను! ఇక్కడే సగంమంది మిత్రులు నొసలు చిట్లించి ఉంటారు. కాస్త ఓపిక పట్టండి.

మా అపార్టుమెంటు సంఘంవారు వారం ముందే సందేశం పంపారు. పిల్లలందరూ దయ్యపు వేషాలలో రావాలి, ఒక్కొక్క ఇంటినుండి ఒక్కొక్క భయపెట్టే వంటకం తేవాలి. మా పదకొండేళ్ళ అమ్మాయి తన వంతుకు ఎంచుకున్నది చీజ్‌కేకు. పండ్లగుజ్జుతో సుడులు తిప్పి, పైన సాలెగూడు గీసినది. అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఏటా చేస్తుందట. దానికి కావలసిన సరంజామా జాబితా చదువుతుంటే మా అమ్మ వింటూ కూర్చుంది. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. అంతా విని, "దయ్యాలకు పండగేందిరా? దయ్యాలు పొయ్యేదానికి గదా పండగలు చేసేది?" అంది.

నిజానికి మా అమ్మ తనకు తెలియకుండానే ఆ పండుగ పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసింది. ఐర్లండు ప్రాంతపు కెల్టుజాతివారు పంటలు ముగిసి చలికాలం మొదలయ్యే సంధిలో 'సౌవిన్' అనే పండుగ చేసుకునేవారు. ఆ రాత్రి చనిపోయినవారికీ బ్రతికున్నవారికీ నడుమనున్న తెర పలుచబడుతుందని నమ్మిక. తరువాత క్రైస్తవం వచ్చి నవంబరు 1ని సకల పునీతుల దినం చేసింది. దాని ముందురాత్రి కనుక హాలోవీను. మధ్యయుగాలలో ఇంగ్లండులో ఆ రోజుల్లో బీదలు ఇంటింటికీ వచ్చి ఆ ఇంటి మృతుల ఆత్మశాంతికై ప్రార్థన చేస్తే, వారికి చిన్న చిన్న రొట్టెలు పెట్టేవారు. పిండం పెట్టి కాకికోసం ఎదురుచూసే మనకు ఇందులో వింత ఏమున్నది? ఐరిషువారు ముల్లంగి జాతి దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. పందొమ్మిదో శతాబ్దిలో అమెరికాకు వలస వెళ్ళాక అక్కడ గుమ్మడికాయలు పుష్కలంగా దొరికేసరికి దుంప పోయి గుమ్మడి వచ్చింది. ఇంటిముందు బూడిదగుమ్మడి వ్రేలాడగట్టిన అపార్టుమెంటులో నిలబడి "గుమ్మడికాయతో దయ్యాలను తోలడమేమిటి, విడ్డూరం" అనడానికి నాకైతే నోరు రాలేదు.

సరే, చీజ్‌కేకు. మొదటి చిక్కు కోడిగుడ్డు. ఆ రోజు శుక్రవారం, పైగా కార్తీకమాసం. మామూలు రోజుల్లో గుడ్డుకు మా ఇంట్లో అభ్యంతరం లేదు కాని, కార్తీకంలో అమ్మ ఒప్పుకోదు. రెండో చిక్కు చీజు. క్రీమ్ చీజ్ అనేది 1870ల నాటికి న్యూయార్కు రాష్ట్రంలో రూపుదిద్దుకున్న సరకు. ముదరబెట్టని, పుల్లని, వెన్నలాంటి జున్ను. అది దొరికే దుకాణం మా ఊళ్ళో లేకపోలేదు, ధర చూస్తే మాత్రం దయ్యం అక్కరలేకుండానే భయం వేస్తుంది.

అప్పుడు పరిష్కారం మా అమ్మే చెప్పింది. కేకు బొమ్మను ఫోనులో చూపిస్తే, కళ్ళజోడు సర్దుకుని, "ఇది జున్నే గదా! జున్ను చేసినట్టు చేసుకోరాదా?" అంది.

ఈ మాట ఎంత శాస్త్రీయమో తరువాత ఆలోచిస్తే తెలిసింది. ఈనిన ఆవు తొలి రోజులలో ఇచ్చే పాలలో మామూలు పాలలోకంటే మాంసకృత్తులు ఎన్నో రెట్లు ఉంటాయి. వేడి తగిలితే చాలు, తోడు అక్కరలేకుండా, గుడ్డు అక్కరలేకుండా అవే గడ్డకడతాయి. చీజ్‌కేకులో ఆ పని గుడ్డూ చీజూ కలిసి చేస్తాయి. రెండింటికీ శత్రువు ఒక్కటే, మంట ఎక్కువ కావడం. వేడి మితిమీరితే మాంసకృత్తులు బిగుసుకుని తమలోని నీటిని పిండేస్తాయి. జున్నయితే తూట్లు పడి నీరు వదులుతుంది, చీజ్‌కేకయితే నడినెత్తిన పగులుతుంది. అందుకే అక్కడివారు కేకు గిన్నెను నీళ్ళ పళ్ళెంలో నిలిపి ఓవెనులో పెడతారు. మనవాళ్ళు గిన్నెను ఇడ్లీపాత్రలో దింపి ఆవిరి పెడతారు. పేరు వేరు, పని ఒక్కటే.

జున్నుపాలు ఆ పూటకు ఎక్కడా దొరకలేదు. (ఈ ఊళ్ళో ఆవు ఈనిందన్న వార్త ఇరుగుపొరుగుకు తెలిసే రోజులు పోయాయి.) కనుక రెండు లీటర్ల గేదెపెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి రాత్రంతా కొళాయికి వ్రేలాడదీశాము. తెల్లవారేసరికి గట్టి ముద్ద మిగిలింది. దానిలో ఒక డబ్బా మిల్క్‌మెయిడ్, రెండు చెంచాల మొక్కజొన్నపిండి, చిటికెడు ఉప్పు. అడుగున బిస్కెట్ల పొడిని వెన్నతో కలిపి అదిమాము. గిన్నెపై గట్టిగా మూత బిగించాలి, లేకుంటే ఆవిరినీరు కారి సాలెగూడు చెదిరిపోతుంది. సన్నని మంటమీద నలభై నిమిషాలు. అంచులు గట్టిపడి నడిమధ్య మాత్రం ఇంకా వణుకుతుండగా ఆపెయ్యాలి, జున్నుకు చూసినట్టే. ఆపిన వెంటనే మూత తీసే ఆత్రం పనికిరాదు. దానంతట అది చల్లారాలి, పిమ్మట నాలుగైదు గంటలు ఫ్రిజ్జులో.

ఇక పండ్లగుజ్జు. ఇక్కడే నాకు మా ఆవిడతో వాగ్వాదం. ఆమె అంతకుముందురోజే బ్లూబెర్రీ గుజ్జు డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది, విదేశీ సరకు. వెల 450 రూపాయలు. నేను ఆ డబ్బా చేతిలో పట్టుకుని కొంతసేపు అట్లాగే నిలబడిపోయాను.

కారణం చెబుతాను. మా పెదనాన్న కొడుక్కు దామలచెరువు దాపులో తోతాపురి తోట ఉంది. మామిడిగుజ్జు అంటే ఈ దేశంలో చిత్తూరే. గుడిపాల నుండి బంగారుపాళెం దాకా గుజ్జు కర్మాగారాలు, వాటిని నమ్ముకుని ఎకరాలకెకరాల తోతాపురి. చిలకముక్కు కాయ, పులుపు మిగిలిన తీపి. చేతిలో పట్టుకుని తినడానికంటే రసానికీ డబ్బాకీ పుట్టిన పండు. 2025 వేసవిలో ఆ కాయకు వచ్చిన గతి పత్రికలలో చూసే ఉంటారు. అంతకుముందటి ఏటి గుజ్జే అమ్ముడుపోక నిలిచి ఉన్నదని కర్మాగారాలు చేతులు ముడుచుకున్నాయి. జూన్‌లో ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ఖాయం చేసింది, కర్మాగారం 8, ప్రభుత్వం 4. ఆ ఎనిమిదీ చేతికి రాలేదన్న గోడు ఆ వేసవంతా వినిపించింది. మా అన్న ఒక కర్మాగారం ముందు ట్రాక్టరుతో రెండు రాత్రులు వరుసలో పడుకున్నాడు. మూడోనాటికి కాయ మెత్తబడింది. ఆ లోడులో సగం ఏమైందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికి వెళుతూ దోవలో మా గుమ్మం ముందు ఆగి, గట్టుమీది నేరేడుచెట్టు పండ్లు ఒక సంచెడు ఇచ్చి, "కాయ ఎట్లా పోలేదు, ఈ పండ్లన్నా తినండి" అని వెళ్ళిపోయాడు.

450 రూపాయలు అంటే, ఎనిమిది రూపాయల లెక్కన, 56 కిలోల తోతాపురి. చేతిలో ఉన్న డబ్బా అరచేతిలో ఇమిడిపోయేంత.

బ్లూబెర్రీ తినకూడదని నేను అనడం లేదు. ఏ పండైనా ఒకప్పుడు పరాయిదే. మన సీతాఫలమూ జామా రెండూ అమెరికా ఖండాలనుండి వచ్చి మన పేర్లు పెట్టుకుని స్థిరపడినవే. నా అభ్యంతరం వేరు. హాలోవీను మన సంస్కృతిని పాడుచేస్తున్నదని వాపోయే పెద్దమనుషులు, ఆ పండుగపూట డబ్బు ఎటు పోతున్నదో మాత్రం చూడరు. పిల్లల నెత్తిమీది నల్లటోపీ వారికి కనిపిస్తుంది కాని, చేతిలోని డబ్బా కనిపించదు. మన సంస్కృతి టోపీ దగ్గర కంటే ట్రాక్టరు వరుసలో ఎక్కువ చిక్కుల్లో ఉన్నదని నా అభిప్రాయం.

డబ్బాను మా ఆవిడ తిరిగి ఇచ్చేసింది (దుకాణంవాడు డబ్బు ఇవ్వలేదు, బదులుగా నెయ్యి ఇచ్చాడు). చిత్తూరు మామిడిగుజ్జు ఒక డబ్బా తెచ్చాము. జూన్ నాటి నేరేడుపండ్లను గింజ తీసి, చక్కెరతో ఉడికించి, చిక్కబడ్డాక ఫ్రీజరులో దాచిన ముద్ద ఉండనే ఉంది. ఇప్పుడు రంగులు చూడండి! మామిడి నారింజవన్నె, నేరేడు నలుపు తిరిగిన ఊదా. హాలోవీనుకు లోకమంతా వాడే రెండు రంగులూ, ఒక్క చుక్క కృత్రిమ రంగు లేకుండా, మా అన్న తోట గట్టుమీదనే ఉన్నాయి.

గీసే పద్ధతి సులువే కాని మెలకువ ఉంది. పండ్లగుజ్జును పెరుగు మిశ్రమమంత చిక్కన అయ్యేదాకా మరిగించాలి. పలుచనైతే మునిగిపోతుంది, మరీ గట్టిదైతే పుల్లకు చుట్టుకుని వస్తుంది. గిన్నెలో సగం మిశ్రమం పోసి, మామిడిగుజ్జు అక్కడక్కడా చెంచాతో వేసి ఒక్కసారి సుడి తిప్పి వదిలెయ్యాలి. పదే పదే తిప్పితే సుడి పోయి అంతా పసుపు అవుతుంది. మిగతా మిశ్రమం పోసి పైన నేరేడుగుజ్జుతో ఒకదానిలో ఒకటిగా వలయాలు గీయాలి. నడుమనుండి అంచుదాకా సన్నని పుల్లతో గీతలు లాగితే వలయాలు తమంతట తామే వంగి సాలెగూడు అయిపోతాయి. మా అమ్మాయి గీస్తుంటే అమ్మ పక్కన నిలబడి చూసి, "చుక్కల ముగ్గు మేలు" అంది. నేరేడుకు ఉండే వగరు మాత్రం కొంత మిగిలింది. నాకు నచ్చింది, పిల్లలకు నచ్చలేదు. దాచడం ధర్మం కాదు కనుక చెప్పాను.

సాయంత్రం క్రింద ఆవరణలో పిల్లలు దిగారు. మంత్రగత్తెలు, అస్థిపంజరాలు, ఒక డ్రాకులా, ఎందుకో ఒక పోలీసు. ఏడో అంతస్తు అబ్బాయి ఒకడు ఒళ్ళంతా తెల్లరంగు పూసుకుని వచ్చాడు. బాల్కనీనుండి చూస్తున్న మా అమ్మ, "అదో, బైరాగేసం!" అని కేకవేసింది. ఆ పిల్లవాడు తల ఎత్తి చూశాడు, ఏమీ అర్థం కాలేదు. మా అమ్మాయికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అందుకే ఈ టపా.

ఈ ఊరికి పరిచయం లేని మిత్రులకోసం కొంచెం చెప్పాలి. తిరుపతి అనగానే కొండ గుర్తుకు వస్తుంది. క్రింద, ఊరి మధ్యలో, తాతయ్యగుంట గంగమ్మ ఉంది. ఏటా మే నెల ప్రాంతంలో ఆమెకు వారం రోజుల జాతర. ఊరిని చెరపట్టిన పాలెగాడు ఆడపిల్లలను బ్రతకనివ్వకపోతే, గంగమ్మ అవతరించి వాణ్ణి వెంటాడిందనీ, వాడు దాక్కుంటే రోజుకొక వేషంలో వెదికిందనీ, చివరకు దొరవేషంలో వస్తే దొరే అనుకుని వాడు బయటపడగా తల నరికిందనీ కథ. ఆ వేషాలన్నీ కైకాల కుటుంబాలవారు వరుసగా ధరించి వీధులు తిరుగుతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. ఊరిజనమూ మొక్కుకుని వేస్తారు. ఒకనాడు ఒళ్ళంతా నామంసుద్ద, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గు, ఒకనాడు గంధం. మగవాళ్ళు చీరకట్టి, పూలు ముడిచి, గాజులు వేసుకుని అమ్మవారి ముందుకు వెళతారు. పాలెగాణ్ణి రెచ్చగొట్టడానికి బూతులు తిట్టడం కూడా ఆచారంలో భాగమే. చివరి తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం. చూసి చాలా ఏళ్ళయినా ఆ గుడ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. చెంప తొలగించి ఆ మట్టిని పంచుతారు. జనం ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు.

పిల్లలను భయపెట్టే వేషాల పండుగ కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? అయినా మా అపార్టుమెంటులో బైరాగివేషం తెలిసిన పిల్లవాడు లేడు. జాతరను 2023లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2024 డిసెంబరులో 'పుష్ప' రెండో భాగంలో కథానాయకుడు చీరకట్టి ఆడాక, మా వాళ్ళకే కొందరికి అది తమ ఊరి సంగతి అని తెలిసింది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఏళ్ళతరబడి ఇక్కడికి వచ్చిపోయి ఈ జాతర మీద ఒక గ్రంథమే రాసి 2013లో వెలువరించారు. ఆమె కాలినడకన తిరిగిన వీధుల్లోనే మేము పిల్లలను ఆటోలో కోచింగుకు పంపుతున్నాము.

హాలోవీను వచ్చి జాతరను త్రోసివేసిందా? లేదు. ఖాళీ చేసిన ఇంట్లోకి అది వచ్చింది. ఖాళీ చేసింది మేము, అంటే మా తరం. చదువుకుని, ఉద్యోగాలు చేసి, 'మోటు' అనే మాట నేర్చుకున్నవాళ్ళం.

నాకు తొమ్మిదో ఏట, 1982లో, ఒళ్ళంతా అమ్మవారు పోసింది. తగ్గితే ఆడవేషం వేయిస్తానని అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. తగ్గింది. ఆ యేడు జాతరనాడు తన పచ్చ పట్టుచీర నాకు కట్టి, కనకాంబరాలు పెట్టి, చేయి పట్టుకుని బయలుదేరింది. సందు మలుపులో మా బడి అయ్యవారు ఒకరు ఎదురయ్యారు. ఆయన ఏమీ అనలేదు, నవ్వారు అంతే. రేపు తరగతిలో ఆ నవ్వు మళ్ళీ చూడవలసి వస్తుందని తోచి, నేను చేయి విడిపించుకుని పరుగెత్తాను. చీర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుని మురుగుకాలువలో పడ్డాను. అమ్మ నన్ను కొట్టలేదు, మళ్ళీ రమ్మనలేదు. ఆ చీర ఉతికి పెట్టెలో పెట్టింది. మొక్కు మాట ఆనాటినుండి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

2013లో మా అబ్బాయి, అప్పుడు ఏడో తరగతి, స్నేహితుడు వేస్తున్నాడని తానూ తోటివేషం వేస్తానన్నాడు. ఫౌండేషన్ క్లాసు ఉందని నేను వద్దన్నాను. నిజమైన కారణం క్లాసు కాదని నాకు తెలుసు. ఈ వీధుల్లో బొగ్గు పూసుకుని బూతులు తిట్టే పిల్లల మధ్య నా కొడుకు కనిపించకూడదని. అదే నేను, పన్నెండేళ్ళ తరువాత, మా అమ్మాయి ముఖానికి నల్లరంగు నా చేతులతోనే పూసి, ఫొటో తీసి బంధువులందరికీ పంపాను. రెంటిలోనూ పూసేది నలుపే. ఒకటి చూసి ఊరు నవ్వుతుందనుకున్నాను, ఒకటి చూసి మెచ్చుకుంటుందనుకున్నాను.

కాబట్టి హాలోవీనును నిషేధించాలని ఎవరైనా సంతకాలకోసం వస్తే నేను పెట్టను. ఆ రాత్రి ఆ పిల్లలు పడిన సంతోషం నిజమైనది. వేషం వేసుకుంటే మనిషికి కలిగే ఆ విడుదల మా ఊరికి చాలా పాత పరిచయం. జాతరలో బూతులను సమర్థిస్తావా అని అడిగేవారు ఉంటారు. ఆడపిల్లలు ఆ వారంలో వీధిలోకి రావడానికి జంకుతారన్నది నిజమే. ఆచారం పేరుతో తాగి మీద పడేవాణ్ణి పట్టుకోవలసిందే. పాలెగాణ్ణి చంపిన తల్లి జాతరలో పాలెగాళ్ళు తిరగడం ఆమెకే అవమానం. కాని అది సరిచేయడానికి ఊళ్ళో ఉండాలి. మేమంతా ఆ వారం సెలవు పెట్టి ఎటో వెళ్ళిపోతున్నాము.

రాత్రి పార్టీ ముగిశాక గిన్నెలో ఒక్క ముక్క మిగిలింది. సాలెగూటి నడిమి భాగం. గుడ్డు లేదు కదా అని అమ్మకు పెట్టాము. నెమ్మదిగా తిని, "జున్నే. రెండు మిరియాలు వేసుంటే బాగుండు" అంది. మా అమ్మాయి ముఖం కడుక్కుని వచ్చి, "అవ్వా, బైరాగేసం అంటే ఏంది?" అని అడిగింది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పాలెగాడు, దొరవేషం, అన్నీ. చెబుతూ చెబుతూ నావైపు చూడకుండానే, "మీ నాయనదొక మొక్కు ఉండిపోయుండాది" అంది.

జాతర మంగళవారం రాత్రి చాటింపుతో మొదలవుతుంది. చాటింపు పడ్డాక ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదంటారు. పిల్లల వేసవి సెలవులకు బెంగుళూరు ప్రయాణం మేము ఎప్పుడూ సరిగ్గా ఆ వారమే పెట్టుకునేవాళ్ళం. ఈసారి ఇంకా టిక్కెట్లు తీయలేదు. పచ్చచీర ఏ పెట్టెలో ఉందో అమ్మను అడగాలి.